పచ్చి గచ్చు

పొద్దున ఏడు కాకముందే నాగల్‌గిద్దలో ఎండ గోడలెక్కింది. ఏప్రిల్ ఆఖరి వారం. తలుపులింకా బిగించని కొత్తింటి గడపలో మీరు నిలబడి ఉన్నారు. లోపల హాలంతా కంకర బెడ్డు. రాత్రే తడిపి వదిలారు. ఇప్పుడు మేస్త్రీ దాన్ని మళ్లీ ఊడిపిస్తున్నాడు. మూలల్లో వేలితో గీసి, అంటిన మట్టిని లేబరు పిల్లవాడికి చూపిస్తున్నాడు.

"దుమ్ము మీద మాలు పోస్తె పట్టుకోదు. రేపు కర్రతోని కొడితె డొల్ల మోగుతది" అంటాడు.

గడప బయట వేపచెట్టు కింద ఇసుక కుప్ప, చిన్న కంకర, పది బస్తాల సిమెంటు. ఇనుప రేకు మీద మాలు కలుపుతున్న ఇద్దరిలో ఒకామె కన్నడంలో ఏదో అంటే, పార పట్టినతను మరాఠీ యాస కలిసిన తెలుగులో జవాబిస్తున్నాడు. ఈ పక్కకు అది కొత్త కాదు. 1956 దాకా ఈ ఊరున్న నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోదే. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మెదక్‌కు వచ్చింది. నాగల్‌గిద్ద 2016లో మండలమై సంగారెడ్డి జిల్లాలో చేరింది. గీతలు మారాయి గానీ మాలు కలిపే మాటలు మారలేదు.

హాలులో టైల్స్ వద్దని, గచ్చే కావాలని పట్టుబట్టింది ఇంటావిడ. టైల్స్ మీద నీళ్లు పడితే జారుతుందని ఆమె భయం. కొడుకు జర్మనీ నుంచి పైసలు పంపుతాడు, సలహాలూ పంపుతాడు. పైసలు తీసుకుంటుంది, సలహాలు వింటుంది.

మేస్త్రీ నేలను గాజు పట్టీలతో గడులుగా విడగొట్టాడు. ఒకటి విడిచి ఒకటి ఇవాళ పోస్తారు, మిగతావి తర్వాత. గచ్చు ఆరేటప్పుడు ఎంతో కొంత ముడుచుకుంటుంది. పెద్ద నేల ఒకటే ముక్కగా ముడుచుకుంటే తనకు నచ్చిన చోట చీలుతుంది. గడులుంటే ఆ లాగుడు పట్టీ దగ్గరే తెగిపోతుంది. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర. పార పట్టినతను బకెట్ ఎత్తి ఇంకొన్ని నీళ్లు పోయబోతాడు.

"ఆపు! పప్పుచారు జేస్తున్నవా?"

మేస్త్రీ కసురుడు వెనక లెక్క ఉంది. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీళ్లు పోశారనుకోండి. సిమెంటు తన బరువులో దాదాపు నాలుగో వంతు, అంటే 12 లీటర్ల దాకా, తనలో కలిపేసుకుని రాయిగా మారుతుంది. ఆ నీళ్లు మళ్లీ బయటికి రావు. మిగిలినవి మాలు జారడానికీ పరచుకోవడానికీ పోసినవి. వాటిలో కొన్ని సన్నని రంధ్రాల్లో ఇరుక్కుపోతాయి, తక్కినవి ఎప్పటికైనా గాలిలోకి పోవలసిందే. ఎంత ఎక్కువ పోస్తే అన్ని ఖాళీలు మిగులుతాయి, గచ్చు అంత బలహీనపడుతుంది.

మాలు గంపలతో వచ్చి గడిలో పడుతుంది. మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని అల్యూమినియం పట్టీని రెండు చేతులా పట్టుకుని తనవైపు లాక్కుంటాడు. ఎత్తుగా ఉన్నచోట మాలు పట్టీ ముందు పోగవుతుంది, పల్లంలో నీడ కనిపిస్తుంది. ఆ నీడలో ఇంకో చేరెడు వేసి మళ్లీ లాగుతాడు. తర్వాత గుర్మాల, ఆ తర్వాత ఇనుప తాపీ. తాపీ వెళ్లిన దారంతా నల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి "అయిపోయింది" అనుకుంటారు మీరు. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

పదకొండింటికి బయట గాలి మారింది. నీడలో నిలుచున్నా ముఖానికి సెగ తగులుతోంది. 40 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 51 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తేమ 20 శాతమే ఉంటే అందులో ఉన్నది పది గ్రాములు. అంటే తలుపుల్లేని ఆ గుమ్మం నుంచి లోపలికొచ్చే ప్రతి ఘనపు మీటరు గాలికీ ఇంకో 40 గ్రాముల దాహం ఉంది. అది తీర్చుకోవడానికి ఎదురుగా ఉన్నది పచ్చి గచ్చు. పైపొర లోపలి నీళ్ల కంటే ముందే ఎండితే, ఇంకా బలం రాని ఆ చర్మం మీద వెంట్రుక బీటలు లేస్తాయి. ఒకసారి లేచాక ఎన్ని నీళ్లు కొట్టినా అతుక్కోవు.

మేస్త్రీ ప్లాస్టిక్ పట్టా పరిచి చుట్టూ ఇటుకలు పెట్టిస్తాడు. గుమ్మం పక్క మూల గడి దగ్గర ఇటుకలు అయిపోయాయి. అక్కడ పట్టా అంచు మీద చెప్పులు పెట్టి అందరూ అన్నానికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి గాలి చెప్పులను పక్కకు తోసి, పట్టాను మడిచి పడేసింది. ఆ గడి మిగతా వాటి కంటే తెల్లబడి ఉంది. మేస్త్రీ వంగి చూసి, ఏమీ అనకుండా నీళ్లు చిలకరించి, మళ్లీ కప్పాడు.

రాత్రి తొమ్మిదికి ఫోన్ మోగింది. అక్కడ సాయంత్రం ఐదున్నర. కొడుకు ఆఫీసు నుంచి నేరుగా తన కొత్తింటికి వెళ్లాడు. అక్కడా నేల పోసి కొన్ని వారాలైంది.

"నీళ్లు కొట్టినవా బిడ్డా?" ఇది తల్లి మొదటి ప్రశ్న.

"ఇక్కడ నీళ్లు కొట్టరమ్మా. కింద వేడి పెడతరు."

ఆమె ఫోన్‌ను మేస్త్రీ వైపు తిప్పింది. "విను వీని ముచ్చట."

ఆ ఫోన్ తెరలోంచి మీరూ అటు వెళ్లండి. బయట సన్నని వాన, తొమ్మిది డిగ్రీలు. లోపలికి అడుగు పెట్టగానే కళ్లద్దాలు మసకబారతాయి. గదిలో కుర్చీ లేదు, తెర లేదు, గోడకు రంగు లేదు. బూడిదరంగు నేల, దాని మీద వెచ్చటి ఉక్క. తడి సిమెంటు వాసన. కిటికీ అద్దాల మీద నీటి బొట్లు ఒకదానితో ఒకటి కలిసి కిందికి జారుతున్నాయి. మేజోళ్లతో నిలబడితే అరికాలికి వేడి తెలుస్తోంది. నాగల్‌గిద్ద మధ్యాహ్నం బండ మీద కాలు పెట్టినట్టు చురుక్కుమనదు, కింద నుంచి నిదానంగా పైకి పాకుతుంది.

గోడ అంచు వెంట నీలం నురుగు పట్టీ ఒకటి నేల కంటే పైకి పొడుచుకు వచ్చి ఉంది. నేల వేడెక్కి సాగినప్పుడు గోడను తోయకుండా దాన్ని పెట్టారు. పై చెక్క పరిచేదాకా దాన్ని కోయకూడదు. మెట్ల దగ్గర ఇంకా మూయని చోట నేల అడ్డుకోత కనిపిస్తోంది. అడుగున కాంక్రీటు స్లాబు, దాని మీద థర్మాకోల్ పలకలు, ప్లాస్టిక్ పొర, ఆ పైన బొటనవేలంత లావు ప్లాస్టిక్ గొట్టాలు. గొట్టానికీ గొట్టానికీ మధ్య జానెడు కూడా లేదు. వాటిని ముంచేస్తూ రెండున్నర అంగుళాల సిమెంటు పొర. గొట్టం పైన 45 మిల్లీమీటర్లకు తక్కువ ఉండకూడదని అక్కడి లెక్క. పోసేటప్పుడు గొట్టాల నిండా నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి ఉంచుతారు. పని మధ్యలో పార తగిలి ఎక్కడైనా చిల్లు పడితే ఒత్తిడి చూపే ముల్లు అక్కడికక్కడే పడిపోతుంది.

"నీళ్లు కొట్టకుండ ఎట్ల గట్టిపడ్డదిరా?" మేస్త్రీ ఫోన్ దగ్గరికి జరిగాడు.

"మొదట్ల కిటికీలన్నీ మూసి పెట్టిన్రు మామా. గాలి తగలనియ్యలే. మూడు వారాల దాక వేడి కూడ పెట్టలే."

"అట్ల చెప్పు! మూసి పెడితె నీళ్లు అండ్లనే ఉంటయ్. మనం పోసి ఆపుతం, వాళ్లు పోకుంట ఆపుతరు."

మేస్త్రీకి విషయం దొరికింది. గట్టిపడటం వేరు, ఆరడం వేరు. సిమెంటు గట్టిపడేది ఎండి కాదు, నీళ్లు తాగి. లోపలి తేమ 80 శాతం కంటే తగ్గితే ఆ పని దాదాపు ఆగిపోతుంది. ముందు తాగనివ్వాలి, తర్వాత ఆరనివ్వాలి. ఈ రెండింటినీ కలిపేసి తొందరపడితే నాగల్‌గిద్ద ఎండైనా జర్మనీ బాయిలరైనా చేసే నష్టం ఒకటే.

అందుకే ఐరోపా ప్రమాణం ఈఎన్ 1264 సిమెంటు నేలకు 21 రోజులు దాటాకే వేడి మొదలుపెట్టమంటుంది. జిప్సం జాతి నేలకైతే ఏడు రోజులు చాలు. మొదట మూడు రోజులు గొట్టాల్లో 25 డిగ్రీల దగ్గర గోరువెచ్చని నీళ్లు. ఆ తర్వాత ఆ ఇంటికి అనుకున్న గరిష్ఠ వేడికి తీసుకెళ్లి కనీసం నాలుగు రోజులు అక్కడే ఉంచాలి. ఇది గొట్టాలకూ నేలకూ పెట్టే పరీక్ష మాత్రమే. నేల ఆరడానికి పెట్టే వేడి దీని తర్వాతిది. 25, 35, 45 అలా మెట్లెక్కిస్తూ పోతారు. 55 దాటనివ్వరు. కొన్నాళ్లు నిలిపి, మళ్లీ అవే మెట్ల మీద దింపుతారు. రాత్రిపూట తగ్గించడం ఉండదు.

కొడుకు ఫోన్ పట్టుకుని చిన్న గదిలోకి వెళ్లాడు. గోడకు ఇత్తడి గొట్టాల వరస, ఎర్ర మూతలు, నీలం మూతలు, ప్రతి గదికీ ఒక జత. పక్కన టేపుతో అంటించిన కాగితం. ఏ రోజు ఎంత వేడి పెట్టారో, ఎవరు రాశారో, కింద సంతకంతో సహా ఉంది. తెరమీద 45 అని వెలుగుతోంది.

"ఇప్పుడు సూడుండ్రి" అని వెనక్కి వచ్చి రెండు వైపులా కిటికీలు బార్లా తెరిచాడు. చల్లగాలి ఒక్కసారిగా దూరింది. ఐదు నిమిషాల్లో అద్దాల మీది బొట్లు చెదిరిపోయాయి. వాన పడుతుంటే కిటికీ తెరవడమేమిటని మేస్త్రీ ముఖం చిట్లించాడు. కానీ చల్లగాలిలో నీళ్లు ఎంత నిండినా తక్కువే. సున్నా డిగ్రీల గాలి నిండా తడిసినా ఘనపు మీటరుకు ఐదు గ్రాములు మోయదు. దాన్ని లోపలికి తెచ్చి 20 డిగ్రీలకు వేడి చేస్తే మొత్తం 17 గ్రాములకు చోటు వస్తుంది. గది గాలి ఆ చోటు నింపుకుని బయటికి పోతే, మళ్లీ కొత్త గాలి. కిటికీలు మూసి వేడి ఒక్కటే పెడితే నేల వదిలిన నీళ్లు గోడల్లోకి ఎక్కుతాయి. రోజుకు నాలుగైదుసార్లు ఇలా తెరిచి మూయడమే అతని పని.

నీళ్లంటే తక్కువేమీ కాదు. వంద చదరపు మీటర్ల ఇంటికి ఆ మందంలో ఆరున్నర ఘనపు మీటర్ల మాలు పడుతుంది. ఘనపు మీటరుకు 180 లీటర్లు, 300 కిలోల సిమెంటు అనుకుంటే, సిమెంటు కలుపుకోగా 700 లీటర్ల దాకా మిగులుతుంది. అందులో చాలా భాగం ఆ కిటికీల్లోంచే పోవాలి.

"కింద మంట, పైన బండ. బీదర్ కోటల షాహీ హమ్మాం ముచ్చట గదా ఇది" అన్నాడు మేస్త్రీ. కోటలోని ఆ పాత రాజస్నానశాలే ఇప్పుడు మ్యూజియం. కశ్మీర్‌లో నేటికీ మసీదుల్లో, ఇళ్లలో రాతి నేల కింద కట్టెలు కాల్చి గదిని వెచ్చబెట్టే హమ్మాంలున్నాయి. కొరియా వాళ్ల ఒండోల్ కూడా ఆ జాతిదే. గొట్టాలూ బాయిలరూ తర్వాత వచ్చాయి, నేల కింద వేడి పాతదే.

మిగతా గడులూ పోసిన మర్నాటి నుంచి హాలు చెరువైంది. గడుల చుట్టూ మట్టి గట్లు వేసి రెండు వేళ్ల లోతు నీళ్లు నిలిపారు. గట్టు ఆగని గడప దగ్గర గోనె సంచులు. కరెంటు వచ్చినప్పుడు బోరు, రానప్పుడు బిందెలు. పొద్దున నింపితే మధ్యాహ్నానికి తగ్గిపోతుంది, ఇంటావిడ చీర కుచ్చిళ్లు దోపుకుని మళ్లీ పోస్తుంది. పిచ్చుకలు దిగి మునిగి లేస్తాయి. కాంక్రీటు పనికి మన ఐఎస్ 456 ప్రమాణం మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, వేడిగా పొడిగా ఉండే చోట పది రోజులకు తగ్గకుండా తడి ఉంచమంటుంది. బూడిద కలిసిన సిమెంటుకు 14 దాకా పొడిగించడం మంచిదంటుంది. బస్తా మీద రాసి ఉన్నది ఆ బూడిద కలిసినదే. మేస్త్రీ ఏ ప్రమాణం పేరూ ఎత్తలేదు. "రెండు వారాలు" అన్నాడు, లెక్క సరిపోయింది.

ఈ మధ్యలో అటు నుంచి ఇంకో ఫోన్. చెక్క పరిచే మనిషి నేలను పరీక్షించడానికి వచ్చాడట. గొట్టాలు లేని చోట ముందే గుర్తు పెట్టి ఉంచిన దగ్గర ఉలితో చెక్కి, అడుగు దాకా ముక్కలు తీశాడు. ఇనుప గిన్నెలో పొడి కొట్టి, తూచి, ఉక్కు సీసాలో పోశాడు. దాంట్లో ఇనుప గుండ్లు, చిన్న గాజు గొట్టంలో మూసిన కార్బైడ్ వేసి, మూత బిగించి ఊపాడు. లోపల గాజు పగిలిన చప్పుడు. కార్బైడ్‌కు నేల పొడిలోని తడి తగలగానే ఎసిటిలీన్ గ్యాసు పుడుతుంది. ఎంత తడి ఉంటే అంత గ్యాసు, మూత మీది ముల్లు అంత పైకి.

"కార్బైడా? మామిడికాయలు మగ్గబెట్టేదేనా?"

"అదేనమ్మా." పండ్లకు మన దేశంలో నిషేధమున్న ఆ కార్బైడే అక్కడ నేల తడిని పట్టిస్తుంది.

వేడి గొట్టాలున్న సిమెంటు నేలకు 1.8 శాతం దాటకూడదు. ముల్లు 2.3 దగ్గర ఆగింది. చెక్క మనిషి తల అడ్డంగా ఊపి, కాగితం మీద రాసి, సీసా కడుక్కుని వెళ్లిపోయాడు. ఆ తడి మీద చెక్క పరిస్తే అది కింది నుంచి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పలకలు ఒకదాన్నొకటి తోసుకుని లేస్తాయి. చూపుకి ఎండిపోయినట్టు కనిపించే పైపొర సంగతి వేరు, కింది అంగుళం సంగతి వేరు. ఇంతా చేసి కొడుకు గృహప్రవేశం ముహూర్తం పదిరోజుల్లో ఉంది, పంతులు ఇక్కడి నుంచే పెట్టి పంపాడు.

"వేడి పెంచమంటవా మామా?"

"పెంచకు. పైన గుంజుకుని అంచులు లేస్తయ్. అయినన్ని దినాలు కానియ్యి."

తల్లి మధ్యలో అందుకుంది. "పాలు పొంగియ్యనీకె చెక్క ఎందుకురా? పొయ్యి వెట్టే తావుంటె సాలు. ముహూర్తం నీకు, చెక్కకు కాదు." అతనికది అప్పటిదాకా తోచలేదు. చిన్న కరెంటు పొయ్యి తెచ్చి ఆ బూడిదరంగు నేల మీదే పాలు పొంగిస్తానన్నాడు.

నాగల్‌గిద్దలో గట్లు తెగ్గొట్టారు. నీళ్లు గడప దాటి వేపచెట్టు మొదట్లోకి పారాయి. రెండో పూటకే గచ్చు తెల్లబడింది. ఇంటావిడ ప్లైవుడ్ బీరువా తెప్పించి నేలకు ఆనించి నిలబెట్టాలనీ, హాలంతా పూల ప్లాస్టిక్ మ్యాటు పరచాలనీ చూస్తోంది. మేస్త్రీ ఆగమన్నాడు. మూరెడు ప్లాస్టిక్ ముక్కను గచ్చు మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించాడు. పొద్దున మీరే ఆ టేపు ఊడదీయండి. ప్లాస్టిక్ లోపలివైపు నీటి బొట్లు, కింద గచ్చు మీద ముక్క ఆకారంలోనే నల్లటి మచ్చ. చుట్టూ తెల్లటి నేల.

"ఇది కొత్త నీళ్లో భూమి నీళ్లో చెప్పలేం అక్కా. బెడ్డు కింద ప్లాస్టిక్ వెయ్యలే మనం. వానకాలం కింది తడి కూడ పైకొస్తది. మ్యాటు వెయ్యకు, నేలకు ఊపిరాడనియ్యి. బీరువా కింద తాండూరు బండలు పెట్టిస్త."

ఆమె మ్యాటు చుట్టి అటక మీద పెట్టించింది. కానీ లెక్క తీర్చే ముందు చేతికర్ర అందుకుని గడి గడికీ కొడుతూ నడిచింది. టక్, టక్, టక్. గట్టి చప్పుడు. గుమ్మం పక్క మూల గడికి వచ్చేసరికి చప్పుడు మారింది. ఇంకోసారి కొట్టింది. డొల్ల. పట్టా ఎగిరిపోయిన గడి అదే. పై నుంచి తొందరగా ఎండి, ముడుచుకుని, అంచు కింది బెడ్డును విడిచేసింది.

మేస్త్రీ వాదించలేదు. గాజు పట్టీల మధ్య ఉన్నది కాబట్టి ఆ ఒక్క గడినే ఉలితో పగలగొట్టి తీశాడు. బెడ్డును కడిగి, మళ్లీ పోశాడు. ఈసారి పట్టా మీద ఇటుకలు లెక్కకు మించి పెట్టాడు.

నాగల్‌గిద్ద ఇంటి గృహప్రవేశం ముహూర్తానికి ఆ గడి ఇంకా తడి గోనె కిందే ఉంది. ఆవును గుమ్మంలోంచి లోపలికి తోలేటప్పుడు లేబరు పిల్లవాడు గోనె ముందు కాపలా నిలబడ్డాడు. చుట్టాలు దాన్ని దాటుకుని వంటింట్లోకి వెళ్లారు. పాలు పొంగాయి. భోజనాలయ్యాక మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి మిగిలిన పైకం సంగతి ఎత్తాడు.

"ఇస్త" అంది ఇంటావిడ. "ఆ గోనె తీసినంక కర్రతోని ఒకపారి కొట్టి సూసి ఇస్త. అందాక నీళ్లు వొయ్యి."